ఘనాలోని అచిమోటా బడి: అక్కడ చదివి పేరు తెచ్చుకున్నవాళ్ళు

#1 గోదారిగట్టు

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి. ఆఫ్రికా దేశాల స్వాతంత్ర్యం మీద స్కూల్లో ప్రాజెక్టు ఇస్తే తన వంతుకి ఘనా వచ్చింది. నాలుగు రోజులుగా రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని చదువుతున్నాం. ఏ నాయకుడి జీవితం తీసినా ఏదో ఒక పేజీలో ‘అచిమోటా’ అన్న మాట తగులుతోంది. ఎన్‌క్రుమా దగ్గర అదే, రాలింగ్స్ దగ్గర అదే, మిల్స్ దగ్గరా అదే. రాజధాని అక్రా శివార్లలో ఉన్న ఒక్క బడి!

తెలిసినవాళ్ళు ఆ పూర్వ విద్యార్థుల గురించి చెప్తారా? పేర్ల పట్టిక ఎక్కడైనా దొరుకుతుంది, మాకు వాళ్ళ కథలు కావాలి. మా అమ్మాయి అడిగిన ప్రశ్న: “ఒక్క బడి నుంచి ఇంతమంది ఎలా వచ్చారు నాన్నా?”

#2 ప్రశ్నాపత్రం

క్విజ్ పోటీలకి తయారయ్యేవాళ్ళం ఈ బడి పేరు తప్పక గుర్తుపెట్టుకుంటాం అన్నా. దేశాధినేతల వరకు నేను చెప్తాను.

క్వామే ఎన్‌క్రుమా, తొలి ప్రధాని, తర్వాత తొలి అధ్యక్షుడు. ఎడ్వర్డ్ అకుఫో-అడో, 1970 నుంచి 1972 వరకు అధ్యక్షుడు (ఈ మధ్య 2017 నుంచి 2025 జనవరి వరకు అధ్యక్షుడిగా ఉన్న నానా అకుఫో-అడో ఈయన కొడుకే). ఫ్లైట్ లెఫ్టినెంట్ జెర్రీ రాలింగ్స్, 1979లో ఒకసారి, 1981 చివర్లో మరోసారి తిరుగుబాటుతో అధికారంలోకి వచ్చి, 1992లో ఎన్నికల్లో గెలిచి, 2001లో దిగిపోయాడు. జాన్ ఎవాన్స్ అట్టా మిల్స్, న్యాయశాస్త్రం ప్రొఫెసరు, 2009లో అధ్యక్షుడై 2012 జులై 24న పదవిలో ఉండగానే చనిపోయాడు. అదే రోజు ప్రమాణం చేసిన జాన్ మహామా కూడా చిన్నప్పుడు అచిమోటాలోనే ఉన్నాడు. 2025లో ఆయన మళ్ళీ అధ్యక్షుడయ్యాడు.

ఘనా దాటితే గాంబియా తొలి అధ్యక్షుడు దావ్‌దా జవారా. 1948లో ఏడాది పాటు ఇక్కడ సైన్సు చదివి, తర్వాత గ్లాస్గో వెళ్ళి పశువైద్యుడయ్యాడు.

#3 టెమాలో_తెలుగువాడిని

నేను పన్నెండేళ్ళుగా ఘనాలో ఉంటున్నాను. టెమా రేవు దగ్గర మా ఫ్యాక్టరీ. ప్రశ్నాపత్రం తమ్ముడి లెక్కకి రెండు సవరణలు.

ఎన్‌క్రుమా అచిమోటా హైస్కూలు విద్యార్థి కాదు. ఆయన చేరింది అక్రాలోని ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో. కొత్తగా కట్టిన అచిమోటాలో ఆ కళాశాలని కలిపేశారు. 1930లో టీచరుగా సర్టిఫికెట్ తీసుకుని బయటికొచ్చాడు. మహామా చదివింది అక్కడి ప్రాథమిక పాఠశాలలో, హాస్టల్లో ఉండి. 1966 ఫిబ్రవరిలో సైన్యం ఎన్‌క్రుమాని కూలదోసినప్పుడు ఆ పిల్లాడికి ఏడేళ్ళు. నాన్న ఎన్‌క్రుమా ప్రభుత్వంలో ఉన్నవాడు, ఆయన్ని పట్టుకుపోయారు. సెలవులకి అందరి ఇళ్ళ నుంచీ మనుషులు వచ్చి పిల్లల్ని తీసుకెళ్తుంటే ఈ పిల్లాడి కోసం ఎవరూ రాలేదు. హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్ళకి ఆ సాయంత్రం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

హైస్కూలుగా అసలు లెక్క రాలింగ్స్, మిల్స్ ఇద్దరిది. రాలింగ్స్ భార్య నానా కొనాడు కూడా అదే బడి, అక్కడే పరిచయం.

ఇంకోటి. ఈ దేశంలో కొత్తవాళ్ళు కలిస్తే ఊరు తర్వాత అడిగేది “ఏ సెకండరీ స్కూలు?” అనే. అచిమోటాలో చదివినవాణ్ణి ‘ఆకోరా’ అంటారు. యాభై ఏళ్ళ మేనేజరు, ఇరవై ఐదేళ్ళ ఇంజనీరు ఇద్దరూ ఆకోరాలని తెలిసిన క్షణాన వాళ్ళ మాట తీరు మారిపోవడం మా ఆఫీసులో నా కళ్ళతో చూశాను.

#4 పాతబడి_మాస్టారు

ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పినవాణ్ణి. అమ్మాయి ప్రశ్న నాకు నచ్చింది, దానికి జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

అప్పట్లో ఆ దేశం పేరు గోల్డ్‌కోస్ట్, బ్రిటిష్ వలస. గవర్నరు గోర్డన్ గుగ్గిస్‌బర్గ్ 1924లో శంకుస్థాపన చేశాడు, 1927 జనవరి 28న బడి లాంఛనంగా తెరుచుకుంది. తొలి పేరు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కాలేజీ. తొలి ప్రిన్సిపాల్ ఎ.జి. ఫ్రేజర్, అంతకు ముందు శ్రీలంకలో కాండీ పట్టణంలోని ట్రినిటీ కాలేజీని ఇరవై ఏళ్ళు నడిపి వచ్చినవాడు. మూడో మనిషి క్వెగ్యిర్ అగ్రీ, గోల్డ్‌కోస్ట్‌లోనే పుట్టి అమెరికాలో చదువుకున్న పండితుడు, ఈ బడికి వైస్ ప్రిన్సిపాల్.

బడి చిహ్నం చూడండి. పియానో మెట్లు! అగ్రీ మాట అది. తెల్ల మెట్ల మీద ఏదో ఒక పాట పలికించవచ్చు, నల్ల మెట్ల మీదా పలికించవచ్చు, శ్రుతి కుదరాలంటే రెండూ కావాలన్నాడు. మన నాటక సమాజాల హార్మోనిస్టు ఎవరిని అడిగినా ఒప్పుకునే మాట. బడి తెరిచిన ఆరు నెలలకే, 1927 జులైలో, న్యూయార్క్‌లో ఆయన కన్నుమూశాడు. ఆ కబురు విని శిక్షణలో ఉన్న కుర్రాడు ఎన్‌క్రుమాకి కొన్ని రోజులు తిండి సయించలేదు. అమెరికా వెళ్ళి చదవాలన్న పట్టుదల ఆయనకి అగ్రీని చూశాకే కలిగింది.

ఇక ‘ఎలా వచ్చారు’ అన్నదానికి. బాలబడి నుంచి ఇంటర్మీడియట్ దాకా, ఉపాధ్యాయ శిక్షణ, బొమ్మలు, సంగీతం, ఇంజనీరింగ్ అన్నీ ఒకే ఆవరణలో పెట్టారు. ప్రభుత్వం డబ్బు ధారపోసింది. మొదటి నుంచీ ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ కలిపి చేర్చుకున్నారు, ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. నైజీరియా, గాంబియాల నుంచి కూడా పిల్లలు వచ్చేవారు. నైజీరియా చరిత్రకారుడు, ఇబాదాన్ విశ్వవిద్యాలయాన్ని నడిపిన కెన్నెత్ డికే ఇక్కడివాడే. 1948లో గోల్డ్‌కోస్ట్ యూనివర్సిటీ కాలేజీ మొదలైంది కూడా అచిమోటా ఆవరణలోనే, తర్వాత లెగాన్ కొండకి వెళ్ళింది. 1952లో కుమాసిలో సాంకేతిక కళాశాల తెరిస్తే మొదటి విద్యార్థులు ఇక్కణ్ణుంచే వెళ్ళారు. అక్కడి చదువుల వాగులన్నీ చాలాకాలం ఈ ఒక్క చెరువులో నుంచే పారాయమ్మా.

#5 ఒంటరి_పడవ

మాస్టారూ, నమస్కారం. అయితే ఒక మాట. అందరూ అచిమోటా అంటుంటే కేప్‌కోస్ట్‌లోని ఎంఫాంట్సిపిమ్ కి అన్యాయం జరుగుతోంది. అది 1876 నాటి బడి. కోఫీ అన్నన్ అక్కడి విద్యార్థి. ప్రధానిగా చేసిన బుసియా అక్కడ చదివినవాడే. అచిమోటా జాబితాల్లో బుసియా పేరు చూశాను, ఆయన అచిమోటాలో పాఠాలు చెప్పాడు కూడా కదా. చాలామంది రెండుచోట్లా ఉన్నారు: ఎంఫాంట్సిపిమ్ లో హైస్కూలు, పై చదువుకి అచిమోటా. 1964లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభకి అధ్యక్షుడైన అలెక్స్ క్వైసన్-సాకీ అలాంటివాడే. నల్లజాతి ఆఫ్రికన్లలో ఆ కుర్చీ ఎక్కిన మొదటివాడు (అంతకు పదకొండేళ్ళ ముందు మన విజయలక్ష్మీ పండిట్ కూర్చున్న కుర్చీ అది). అతన్ని ఏ బడి ఖాతాలో వేస్తారు?

#6 టెమాలో_తెలుగువాడిని

రెండు బడుల వాళ్ళూ తమ ఖాతాలోనే వేసుకుంటారన్నా! ఈ వాదన ఇక్కడ పెళ్ళిళ్ళలో కూడా నడుస్తుంది.

#7 మల్లెపందిరి

అన్నయ్యలూ, అధ్యక్షుల దగ్గరే ఆగిపోయారు. నేను చిత్రలేఖనం టీచర్ని, నాకు ఈ బడి పేరు వేరే దారిలో తెలిసింది.

ఘనా జెండా గుర్తుందా? ఎరుపు, బంగారు రంగు, ఆకుపచ్చ, మధ్యలో నల్ల నక్షత్రం. దాన్ని రూపొందించింది థియోడోసియా ఒకో అనే ఆవిడ. అచిమోటాలో చిత్రకళ నేర్చుకుంది. ఎరుపు స్వాతంత్ర్యం కోసం పోయిన ప్రాణాలకి, బంగారు రంగు నేలలోని ఖనిజాలకి, ఆకుపచ్చ అడవులకి, నల్ల నక్షత్రం ఆఫ్రికా విముక్తికి. జాతీయ గీతానికి బాణీ కట్టింది ఫిలిప్ గ్బెహో, అచిమోటాలో చదివి అక్కడే సంగీతం మాస్టారయ్యాడు. తర్వాతి కాలంలో మాటలు మారాయి కానీ బాణీ ఆయనదే. రెండు గద్దలు పట్టుకున్న రాజ్యచిహ్నం గీసింది అమోన్ కోటేయి, ఈ బడికి చిత్రకళా స్కాలర్‌షిప్ మీద వచ్చిన కుర్రాడు. దేశాధినేత కూర్చునే ఆసనం చెక్కింది కోఫీ అంటుబామ్, అతనూ అచిమోటా విద్యార్థే, తర్వాత అక్కడే చిత్రకళ నేర్పాడు.

1957 మార్చి 6న అర్ధరాత్రి దాటాక అక్రా పోలో మైదానంలో ఎగిరిన జెండా, మోగిన పాట, చిహ్నం, ఆ వేదిక మీద మాట్లాడిన ప్రధాని, అన్నీ ఒకే ఆవరణ నుంచి వచ్చాయి. పిల్లలకి బొమ్మలూ పాటలూ అదనపు పీరియడ్లని తీసిపారేసే హెడ్మాస్టర్లకి నేను ఈ మాట చాలాసార్లు చెప్పాను, ఇంకా చెప్తాను.

థియోడోసియా చెల్లెలు లెటీషియా ఒబెంగ్ కూడా అచిమోటానే. జంతుశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్న తొలి ఘనా మహిళ. వోల్టా నది మీద ఆనకట్ట కట్టాక ఏర్పడ్డ మహా జలాశయంలో జీవజాలం ఎలా మారుతోందో ఏళ్ళ తరబడి పరిశోధించింది. పాస్టరు గారి ఇంట్లో ఇద్దరాడపిల్లలు, ఒకరు జెండాకి, ఒకరు నీటికి.

#8 హాకీకర్ర

మల్లెపందిరి అక్కా, థియోడోసియా ఒకో పేరు నాకు హాకీ నుంచి తెలుసు! ఘనా హాకీ సంఘానికి ఆవిడ తొలి మహిళా అధ్యక్షురాలు. అక్రాలో జాతీయ హాకీ స్టేడియం ఆవిడ పేరు మీదే ఉంది.

ఆ స్టేడియానిదో కథ. అట్టా మిల్స్ కుర్రతనంలో మంచి హాకీ ఆటగాడు. ఆయన చనిపోయాక అక్రా నగర పాలకులు స్టేడియానికి ఆయన పేరు పెట్టబోయారు. తొంభై ఏళ్ళు దాటిన ఆ పెద్దావిడ బాధపడింది, జనం గట్టిగా అడ్డుకున్నారు. చివరికి అధ్యక్షుడు మహామా కల్పించుకుని ఆవిడ పేరే ఉండాలన్నాడు. పేరు పోబోయినావిడ, పేరు పెట్టబోయినాయన, ఆపినాయన ముగ్గురూ అచిమోటా గాలి పీల్చినవాళ్ళే. 2015 ఏప్రిల్‌లో ఆవిడ పోయేనాటికి స్టేడియం గోడ మీద ఆవిడ పేరే ఉంది.

#9 సర్వేల్_కుర్రాడు

అందరూ పొగుడుతున్నారు, బానే ఉంది. నేను గురుకులంలో చదివినవాణ్ణి, నాకో సందేహం. తెల్లదొర కట్టిన బడి, రాజుల పిల్లలు, పాస్టర్ల పిల్లలు, లాయర్ల పిల్లలు చదివిన బడి. అలాంటి చోటు నుంచి పెద్దవాళ్ళు రావడంలో వింతేముంది? హైదరాబాద్ పబ్లిక్ స్కూలు కూడా 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం పెట్టిందే. అక్కణ్ణుంచి సత్య నాదెళ్ళ వచ్చాడంటే సంతోషమే, కానీ దానికీ పల్లెటూరి పిల్లాడికీ సంబంధం ఏమిటని మా ఊళ్ళో అడుగుతారు. మా సర్వేల్ గురుకులం 1971లో పీవీ గారు పెట్టింది ఆ గోడ పడగొట్టడానికే. అచిమోటాలో పేద పిల్లలకి చోటుండేదా?

ఇంకోటి. 2021లో జుట్టు జడలు కట్టి ఉందని రాస్తఫారి మతం పాటించే ఇద్దరు పిల్లల్ని ఈ బడిలో చేర్చుకోలేదు. వాళ్ళు కోర్టుకెళ్తే మే నెలలో అక్రా హైకోర్టు చేర్చుకోవాల్సిందేనని తీర్పిచ్చింది. నలుపూ తెలుపూ కలవాలని చిహ్నం పెట్టుకున్న బడిలో జుట్టు దగ్గర పట్టుబట్టడం నాకు మింగుడు పడలేదు.

#10 పాతబడి_మాస్టారు

అడగాల్సిన ప్రశ్నే అడిగావు నాయనా. వడపోత ఉండేది, కాదనను. అక్యెమ్ అబువక్వా రాజు ఒఫోరి అట్టా బిడ్డలు అక్కడ చదివారు. కొడుకు విలియం 1948లో ఎన్‌క్రుమాతో పాటు జైలుకెళ్ళిన ఆరుగురిలో ఒకడు. ఆ ఆరుగురిలో ఎన్‌క్రుమా, అకుఫో-అడో, విలియం ముగ్గురు అచిమోటా. దొరల ప్రభుత్వానికి విధేయులైన ఉద్యోగులు తయారవుతారని కట్టిన బడి నుంచే దొరల్ని పంపించినవాళ్ళు వచ్చారు.

కూతురు సుసాన్ ఒఫోరి అట్టా ముందు మంత్రసాని శిక్షణ తీసుకుని, తర్వాత ఎడిన్‌బరోలో వైద్యం చదివి 1947లో పట్టా తీసుకుంది. ఆ దేశపు తొలి మహిళా డాక్టరు. రెండేళ్ళకి రెండో ఆవిడ మటిల్డా క్లర్క్, ఆవిడదీ అచిమోటానే. మటిల్డా అన్నదమ్ముల్లో ఒకరు థియోడోర్ క్లర్క్, ఘనా తొలి వాస్తుశిల్పి. మన టెమా మిత్రుడు రోజూ తిరిగే ఆ ప్రణాళికా నగరం వెనక ఆయన చెయ్యి ఉంది. 1964లో ఘనాలో తొలిసారి గుండె తెరిచి ఆపరేషన్ చేసిన చార్లెస్ ఈస్మన్ కూడా అక్కడివాడే.

పేదపిల్లల మాటకొస్తే, ఎస్తేర్ ఒక్లూ గురించి ఎవరైనా రాస్తారా? నాకు కొంతే తెలుసు.

#11 పొదుపుసంఘం_అక్క

నేను రాస్తాను మాస్టారూ. డ్వాక్రా సంఘాలతో ఇరవై ఏళ్ళు పనిచేశాను. ఎస్తేర్ గారి పేరు తలుచుకోకుండా నా శిక్షణ తరగతి ఏదీ మొదలవలేదు.

వోల్టా ప్రాంతంలో పెకి అనే చోట పుట్టింది. తండ్రి కమ్మరి, తల్లి కుండలు చేసేది, వ్యవసాయమూ ఉండేది. చిన్నప్పుడు దూరాన ఉన్న బడిలో ఉంటూ, ఖర్చు భరించలేక, ఇంటి నుంచి సరుకులు మోసుకెళ్ళి తనే వండుకుని తినేది. కోకో వ్యాపారం చేసే క్యాడ్‌బరీ వాళ్ళ స్కాలర్‌షిప్ దొరికితే 1936లో అచిమోటాకి వెళ్ళింది. సర్వేల్ తమ్ముడూ, నీ ప్రశ్నకి ఇదే జవాబు. ఆ స్కాలర్‌షిప్ రాకపోతే ఈ కథే లేదు.

చదువైపోయి బయటికొచ్చేసరికి చేతిలో చిల్లిగవ్వ లేదు. పిన్ని పది షిల్లింగులు ఇచ్చింది. అందులో కొంత పెట్టి నారింజ పళ్ళు, పంచదార, పన్నెండు గాజు సీసాలు కొంది. మార్మలేడ్ కాచింది. అంటే నారింజ తొక్కల్ని సన్నగా తరిగి, రసంతో, పంచదారతో కలిపి పాకం వచ్చేదాకా కాచేది. ఆ సీసాలు పట్టుకుని వీధిలో నిలబడి అమ్మింది. హైస్కూలు చదివిన పిల్ల వీధిలో సరుకు అమ్మడమేమిటని తోటి చదువుకున్నవాళ్ళు నవ్వారు. ఆవిడ సీసాలు అమ్ముకుంటూనే ఉంది.

తర్వాత మార్మలేడ్ సరఫరా చెయ్యమని మొదటి కాంట్రాక్టు ఎవరిచ్చారనుకున్నారు? అచిమోటా బడే! తర్వాత అప్పు తెచ్చి కంపెనీ పెట్టింది. తన పుట్టింటి పేరు ‘ఎన్‌కులెను’ దానికి పెట్టింది. తర్వాత ఇంగ్లండు వెళ్ళి ఆహార పదార్థాలు నిల్వ చేసే పద్ధతులు చదువుకొచ్చి, తెలిసిందంతా దాచుకోకుండా ఊళ్ళలో ఆడవాళ్ళకి నేర్పింది.

మన దేశంతో ముడి ఇక్కడుంది. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని ఆడవాళ్ళకి బ్యాంకులు అప్పివ్వడం లేదని, 1979లో ఉమెన్స్ వరల్డ్ బ్యాంకింగ్ అనే సంస్థ పెట్టినవాళ్ళలో ఎస్తేర్ ఒకరు, అహ్మదాబాద్‌లో ‘సేవా’ అనే మహిళా కార్మికుల సంఘం పెట్టిన ఇలా భట్ గారు ఒకరు. బోర్డుకి మొదటి అధ్యక్షురాలు ఎస్తేరే. మా మండలంలో అప్పడాల సంఘం ఆడవాళ్ళకి ఈ పన్నెండు సీసాల కథ చెప్పినప్పుడు ఒక పెద్దావిడ లేచి, “ఆ పిన్ని పేరేంటమ్మా?” అని అడిగింది. పది షిల్లింగులు ఇచ్చిన పిన్ని గురించి. ఆ ప్రశ్న నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

#12 టెమాలో_తెలుగువాడిని

అక్కా, మా ఇంటి పక్క కొట్లో ఎన్‌కులెను డబ్బాలు ఇప్పటికీ ఉంటాయి. పామ్ కాయల గుజ్జు డబ్బా. ఇక్కడివాళ్ళు దాంతో ‘అబెంక్వాన్’ అనే పులుసు కాస్తారు, ఎర్రగా, పైన నూనె తేలుతూ, గోంగూర పప్పంత చిక్కగా. ఆదివారం ఎవరింటికి భోజనానికెళ్ళినా అదే. ఇన్నేళ్ళుగా తింటున్నాను, డబ్బా మీద పేరు ఎవరిదో ఇవాళ మీరు చెప్తే తెలిసింది.

ఇంకోటి చెప్పాలి. ‘అచిమోటా’ అంటే ఇక్కడి ‘గా’ అనే భాషలో సరిగ్గా మన ‘పేరెత్తకు’ అని అర్థం. బానిసల వ్యాపారం రోజుల్లో పారిపోయి వచ్చినవాళ్ళు ఆ అడవిలో తలదాచుకునేవారట, అక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు. ఎవరి చెవిన పడినా ప్రమాదం. ఇప్పటికీ బడి చుట్టుపక్కల కొంత అడవి మిగిలే ఉంది.

#13 ఒంటరి_పడవ

పేరెత్తకూడని చోట చదివినవాళ్ళ పేర్లే ఇన్ని ఎత్తుకుంటున్నాం! నా ఎంఫాంట్సిపిమ్ పట్టు కాసేపు వదిలి నేనూ ఒకటి చెప్తాను.

కోమ్లా గ్బెడెమా. అచిమోటా విద్యార్థి, ఎన్‌క్రుమా దగ్గర ఆర్థిక మంత్రి. 1957 అక్టోబరులో అమెరికాలో కారులో పోతూ డెలావేర్ రాష్ట్రంలో డోవర్ అనే ఊరి దగ్గర రోడ్డు పక్క హోటల్లో నారింజ రసం అడిగాడు. నల్లవాళ్ళు ఇక్కడ కూర్చుని తాగడానికి వీల్లేదు, బయటికి పట్టుకెళ్ళండి అన్నారు. ఒక దేశపు ఆర్థిక మంత్రితో! ఏడు నెలల క్రితమే స్వాతంత్ర్య వేడుకలకి వచ్చిన అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సన్‌కి అక్రాలో ఆతిథ్యమిచ్చినవాడు ఈయన. మీ ఉపాధ్యక్షుడు మా ఇంట్లో భోంచెయ్యగా లేనిది మీ రోడ్డు పక్క హోటల్లో నాకు ఈ మర్యాదేమిటని అడిగాడు. పత్రికల్లో గగ్గోలు లేచింది. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయన్ని వైట్‌హౌస్‌కి పిలిచి ఉదయం ఫలహారానికి పక్కన కూర్చోబెట్టుకోవాల్సి వచ్చింది.

కవి కోఫీ అవూనార్ పేరు కూడా రాయించండి. అచిమోటాలో చదివాడు, ఎవే జాతి శోకగీతాల బాణీని ఇంగ్లీషు కవిత్వంలోకి తెచ్చాడు. సాహిత్య ఉత్సవానికని నైరోబీ వెళ్ళి 2013 సెప్టెంబరు 21న వెస్ట్‌గేట్ మాల్ మీద ఉగ్రవాదులు దాడి చేసినప్పుడు చనిపోయాడు. 78 ఏళ్ళు. మరణం గురించే జీవితమంతా రాసిన మనిషి.

#14 సర్వేల్_కుర్రాడు

పొదుపుసంఘం అక్క రాసింది రెండుసార్లు చదివాను. స్కాలర్‌షిప్ సంగతి నాకు తెలియదు. జుట్టు విషయంలో మాత్రం నా మాట మీద నేను ఉన్నాను. కోర్టు తీర్పు కూడా ప్రాజెక్టులో ఉండాలని అమ్మాయికి చెప్పండి అన్నా, ఆ ఇద్దరు పిల్లలూ ఆ బడి చరిత్రలో భాగమే.

#15 గోదారిగట్టు

అందరికీ పేరు పేరునా నమస్కారం. నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని ఈ చర్చంతా మొదటి నుంచి చదివాం. గ్బెడెమా దగ్గర మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది.

అమ్మాయి చార్టు మళ్ళీ మొదలుపెట్టింది. అధ్యక్షుల ఫొటోలు పై వరసలో ఉండేవి, ఇప్పుడు ఒక పక్కకి జరిపింది. మధ్యలో జెండా వేసింది, దాని కింద పియానో మెట్లు, వాటి మీద పన్నెండు సీసాలు వరసగా గీసి నారింజ రంగు వేస్తోంది. కోర్టు తీర్పుకి కుడి వైపు మూల ఒక గడి కేటాయించింది. సర్వేల్ తమ్ముడూ, నీ మాట పోనివ్వలేదు.

టెమా అన్నా, మీ పక్క కొట్లో ఆ ఎన్‌కులెను డబ్బా ఫొటో ఒకటి తీసి పెట్టగలరా? పేరు స్పష్టంగా కనబడేలా. సోమవారం చార్టు ఇచ్చేయాలి.

#16 టెమాలో_తెలుగువాడిని

రేపు పొద్దున కొట్టు తెరవగానే తీసి పెడతాను. డబ్బా కూడా కొంటాను, సంక్రాంతికి వచ్చినప్పుడు మీ అమ్మాయికి ఇస్తాను.